ఏ అక్షరం మారింది, ఎక్కడ మారింది?

2021 మే మొదటివారంలో ‘ఏపీ స్ట్రెయిన్’ పేరు టీవీల్లో మార్మోగింది. కర్నూలులో పుట్టిందని, మామూలు కరోనా కంటే ఎన్నో రెట్లు ప్రమాదకరమని ప్రచారం సాగింది. మే 6న ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారికి పద్నాలుగు రోజుల క్వారంటైన్ విధించింది. వైరస్ ఛాయలు లేకపోయినా, అక్కడి నుంచి వెళ్లినవారైతే చాలు, అనుమానితులే. ఆ భయానికి మూలం ఎన్440కె అనే ఒకే ఒక మార్పు. అసలు ఏ మార్పుకు భయపడాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు? మార్పు ఎంత పెద్దదన్నది కాదు, అది పడిన చోటు ఏ మందుకు గురిగా ఉందన్నదే చూడాలి. గోదావరి వరదలో గట్టు మీద ఎన్ని బీటలున్నాయన్న దానికంటే, గండి ఏ ఊరి ఎగువన పడిందన్నదే ముఖ్యం.

ఈ వైరస్ జన్యుపటంలో దాదాపు 30 వేల అక్షరాలున్నాయి. వాటిలో 22,882వ అక్షరం మారితే, స్పైక్ ప్రొటీన్‌లో 440వ స్థానంలో ఆస్పరజిన్ అనే అమైనో ఆమ్లానికి బదులు లైసిన్ వచ్చి చేరుతుంది. లైసిన్‌కు ధనావేశం ఉంటుంది కాబట్టి ఆ చోట అతుక్కోవాల్సిన కొన్ని యాంటీబాడీలకు పట్టు దొరకదు. ఇమ్‌డెవిమాబ్ అలాంటిదే. దాన్ని కాసిరివిమాబ్‌తో కలిపి ‘యాంటీబాడీ కాక్‌టెయిల్’గా ఇచ్చేవారు. రెండూ స్పైక్‌ను వేర్వేరు చోట్ల పట్టుకుంటాయి, ఒకటి జారినా రెండోది పనిచేస్తుందన్న ముందుచూపు అది. అందుకే ఎన్440కె ఒక్కటే ఉన్న వైరస్ మీద ఆ మందు చేతులెత్తెయ్యలేదు. మరోపక్క రెమ్‌డెసివిర్ వైరస్ తన ప్రతుల్ని తీసుకునే పాలిమరేజ్ ఎంజైమును అడ్డుకుంటుంది; స్పైక్‌లో ఏం మారినా దానికి పట్టదు. డెక్సామెథసోన్ అయితే వైరస్ జోలికే పోదు, మన ఒంట్లో చెలరేగే వాపును అణచుతుంది.

ప్రయోగశాలలో పెంచిన కణాల్లో ఎన్440కె రకం ఎన్నో రెట్లు ఎక్కువగా పెరిగిందని హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధకులే చూపారు కదా, భయం సహేతుకమే కదా అనవచ్చు. కానీ కణాల్లో పెరగడం వేరు, జనంలో పోటీపడి నెగ్గడం వేరు. ఆంధ్రలో సేకరించిన నమూనాల్లో ఒక దశలో మూడో వంతు దాకా కనబడిన ఆ రకం, ఢిల్లీ ఆంక్షలు పెట్టేనాటికే తగ్గుముఖం పట్టింది. దాని చోటును బి.1.617 వంశం ఆక్రమిస్తోందని సీసీఎంబీ అప్పుడే చెప్పింది. ఆ వంశంలోనిదే తర్వాత డెల్టాగా పేరుపడింది. అయితే ఏపీ స్ట్రెయిన్ అంతా ఉత్త హడావుడేనా? కాదు. అదే ఎన్440కె 2021 నవంబరులో బయటపడిన ఒమిక్రాన్‌లో మళ్లీ కనిపించింది, ఈసారి కాసిరివిమాబ్‌ను తప్పించుకునే మార్పుల్ని వెంటబెట్టుకుని. దాంతో రెండు పట్లూ జారిపోయాయి. 2022 జనవరిలో అమెరికా ఆ కాక్‌టెయిల్ వాడకాన్ని నిలిపేసింది.

టీకాల విషయంలో ఇంకో సందేహం వస్తుంది. కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది కనుక స్పైక్ మారినా ఫరవాలేదని కొందరన్నారు. సగమే నిజం. వైరస్‌ను కణంలోకి రానివ్వని యాంటీబాడీలు ఏ టీకాతో పుట్టినా ప్రధానంగా స్పైక్ మీదే పనిచేస్తాయి. మూడో దశ ప్రయోగాల్లో కోవాగ్జిన్ సామర్థ్యం మొత్తంమీద 77.8 శాతం, డెల్టా మీద 65.2 శాతం. 2022 మార్చిలో 12–14 ఏళ్ల పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టిన కోర్బెవాక్స్‌లో స్పైక్‌లోని ఒక్క ముక్కే, అదీ పాత రకానిదే, ఉంది; 440వ స్థానం ఆ ముక్కలోదే. అలాగని ఈ టీకాలు వృథా కాలేదు. మన రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు వైరస్ ప్రొటీన్లను చిన్నచిన్న ముక్కలుగా, అనేక చోట్ల గుర్తుపడతాయి. నాలుగైదు చోట్ల మార్పులొచ్చినా మిగతావి దొరుకుతాయి. అందుకే టీకా వేసుకున్నవారికీ జబ్బు సోకింది గాని, ప్రాణం మీదికి రావడం బాగా తగ్గింది.

కాబట్టి మరో కొత్త రకం పేరు వినబడితే అది ఏ ఊళ్లో పుట్టిందని కాక, ఏ స్థానం మారింది, ఆ స్థానం మీద ఆధారపడ్డ మందు ఏది, మనకింకా మిగిలినవేవి అని అడగాలి. దానికి జవాబు జన్యుక్రమాలు చదివే ప్రయోగశాలల్లోనే దొరుకుతుంది, సరిహద్దు చెక్‌పోస్టుల్లో కాదు.