కొల్లేటి ఒడ్డున దూరదేశపు రేడియో

ఏలూరులో కాలువకు దగ్గరగా నున్న మా యింట నొక పాత వాల్వు రేడియో కలదు. దాని ముందుభాగపు గాజుపై మీటర్ల అంకెలతో పాటు ఊళ్ళ పేర్లు అచ్చువేసి యుండును. మరను త్రిప్పినకొలది ఎఱ్ఱని ముల్లు కొలంబోను దాటి లండనునకు, లండనును దాటి మాస్కోకు ప్రయాణము చేయును. మేము బాల్యమున భూగోళము నేర్చినది సగము పాఠశాలలోనైన, సగము ఆ గాజుపైననే యని చెప్పవచ్చును. నేడు మా యింటి పిల్లలు సెల్లుఫోను అద్దముపై భూగోళమునే వ్రేలితో త్రిప్పి, ఆకుపచ్చని చుక్క యొకటి తాకి, ఆ యూరి రేడియోను విను చున్నారు. అది రేడియోయే, ఇదియు రేడియోయే. అయినను ధ్వని వచ్చు త్రోవ వేరు. ఆ భేదమును తెలిసికొనుట వినోదమునకే గాక, మన కొల్లేటి ప్రాంతము వారికి మరియొక యవసరమునకు గూడ పనికివచ్చును.

విజయవాడలో ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైనది. అంతకు మునుపు 1938లో వెలసిన మద్రాసు కేంద్రమే మన తెలుగు వారికి దిక్కు. విజయవాడ వచ్చిన పిదప దగ్గరి స్టేషను దగ్గరనే యున్నది. అయినను దూరపు స్టేషనుపై మోజు తగ్గలేదు, సరికదా పెరిగినది. 1952లో డాక్టర్ కేస్కర్ ప్రసారశాఖ మంత్రియైన తరువాత ఆకాశవాణిలో సినిమా పాటలు అరుదైనవి. పాట కావలసినవారందరును రేడియో సిలోను వైపు ముల్లు త్రిప్పిరి. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ఆరంభమగువరకు సినిమా పాటకు కొలంబోయే రాజధాని. అటు పిమ్మట గూడ ఆ కేంద్రమునుండి తెలుగు పాటలను వినిపించిన మీనాక్షి పొన్నుదురై గారి కంఠము మన యిండ్లలో ఎరుగని వారు తక్కువ.

కొలంబోనుండి ఏలూరునకు దూరము సుమారు 1,100 కిలోమీటర్లు. ఇంత దూరము తీగ లేకయే పాట యెట్లు వచ్చెడిది? భూమికి వంద మొదలు మూడువందల కిలోమీటర్ల యెత్తున, సూర్యరశ్మి తాకిడిచే విద్యుదావేశము పొందిన పొరలు కలవు. వీనిని అయనోస్ఫియర్ అందురు. షార్ట్ వేవ్ అనబడు హ్రస్వ తరంగములు ఆ పొరలలో చొచ్చి, వంగి, మరల నేలకు దిగును. వేయి కిలోమీటర్లన్నది అట్టి తరంగమునకు ఒక్క గెంతు. ఎక్కువ దూరమైన, నేలను తాకి మరల పైకెగసి రెండు మూడు గెంతులు వేయును. అయితే ఆ పొరలు గోడల వలె స్థిరముగా నుండవు. పగలొక తీరు, రాత్రియొక తీరు, వేసవినొక తీరు. ఒకే పాట రెండు దారుల వచ్చి, ఒకదాని నొకటి కలిసికొన్నప్పుడు బలపడును, ఎదుర్కొన్నప్పుడు క్షీణించును. అందుచేతనే పల్లవి హోరున వచ్చి, చరణము గాలిలో కలిసిపోయెడిది. తరువాతి పాటలో మరల గొంతు లేచెడిది. ఆ యెత్తుపల్లములను సైతము మనము పాటలో భాగముగనే నేర్చుకొంటిమి. నేడొక పాటను దోషము లేకుండ వినునప్పుడు, ఎక్కడనో ఏదో తగ్గినట్లు తోచు వృద్ధులు మాకు తెలియును. మేమును వారిలో నొకరము.

సింహళములోని ఆ ప్రసారయంత్రములు రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఆగ్నేయాసియాలోని మిత్రసేనల సైనికుల కొరకు నెలకొల్పినవి. యుద్ధానంతరము అవి రేడియో సిలోనుకు దక్కి, మన పెరళ్ళలో పాటలు కురిపించినవి. అదే యుద్ధమున మన తాడేపల్లిగూడెములో వేసిన విమానముల దారి మాత్రము, యుద్ధము ముగియగనే విమానములు లేక మిగిలిపోయినది. యుద్ధపు సామగ్రిలో గూడ అదృష్టము కలది, లేనిది యుండును కాబోలు.

మన ప్రాంతమునకు ఇంకొక సౌకర్యముండెను. రెండు కొబ్బరిచెట్ల నడుమ ఏరియల్ తీగ కట్టి, ఎర్తు తీగను నూతి యొద్ద తడినేలలో పాతినచో చాలును. తడినేల విద్యుత్తునకు మంచి వాహకము. విజయవాడ వంటి కేంద్రముల మీడియం వేవ్ తరంగములు పగటివేళ నేలనంటి ప్రయాణము చేయును గనుక, రాతినేలపై కంటె కృష్ణా గోదావరుల నడుమనున్న ఈ మాగాణులపై, కొల్లేటి నీటిపై అవి సుఖముగా సాగును. ఈ సంగతిని మరువవలదు. దీనితో ముందు పనియున్నది.

కాలక్రమమున దూరపు కంఠములు ఒక్కొక్కటిగ ఆకాశమును విడిచినవి. 2012లో నెదర్లాండ్స్, కెనడా దేశముల అంతర్జాతీయ ప్రసారములు షార్ట్ వేవ్‌ను మానినవి. బి.బి.సి. హిందీ వారి షార్ట్ వేవ్ ప్రసారము 2020 జనవరి 31తో ఆగినది. మనీలానుండి తెలుగులో గూడ మాటలాడిన రేడియో వెరితాస్ ఆసియా 2018లో షార్ట్ వేవ్ చాలించి అంతర్జాలమునకు తరలినది. పెద్ద ప్రసారయంత్రములకగు విద్యుత్తు ఖర్చు ఇందులకొక కారణము. వినువారు వేరొక దారి పట్టుట మరియొకటి.

ఆ వేరొక దారికి వయస్సు మరీ తక్కువ కాదు. 1993లో అమెరికాలో కార్ల్ మాలమూద్ అను నతడు అంతర్జాలముపై సంభాషణా కార్యక్రమమును ఆరంభించెను. మరుసటి యేడు నవంబరు 7వ తేదీన నార్త్ కరోలినా రాష్ట్రములోని ఛాపెల్ హిల్ విశ్వవిద్యాలయపు విద్యార్థుల రేడియో తన ప్రసారమును అట్లే లోకమునకు విడిచెను. ఇందలి పద్ధతి యిది. స్టూడియోలోని ధ్వనిని అంకెలుగా మార్తురు. ఆ అంకెలను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ప్రతి పొట్లముపై చేరవలసిన చిరునామా వ్రాయుదురు. సముద్రగర్భమున పరచిన గాజుదారములలో అవి వెలుతురు రూపమున పరుగెత్తి, ముంబయిలోనో చెన్నపట్నములోనో ఒడ్డెక్కి, నేల తీగల వెంట ఏలూరు వచ్చి, మన యింటి పెట్టెలోనికో, వీధి చివరి టవరునుండి మన చేతిలోని ఫోనునకో చేరును. ఫోను ఆ పొట్లములను విప్పి, వరుసలో పేర్చి, మరల ధ్వనిగా చేయును.

పొట్లములన్నియు ఒకే వేళకు రావు; కొన్ని వెనుకబడును. అందుకొరకు ఫోను ముందుగనే కొంత సరుకు నిలువ చేసికొనును. మేడమీద నీళ్ళ ట్యాంకు వంటిది. మునిసిపాలిటీ నీరు నడుమ నడుమ ఆగినను కుళాయిలో ధార తెగదు గదా! కాని ట్యాంకు నిండు వరకు ఆగవలెను. లండనునుండి వెలుతురు వచ్చుటకు ఒక క్షణమైనను పట్టకున్నను, మన చెవికి మాట చేరునప్పటికి పది, ఇరువది, ఒక్కొక్కప్పుడు ముప్పది సెకండ్లు గడచియుండును. కావున ఫోనులో వచ్చు గంటల కొట్టుడును బట్టి గడియారము సరిదిద్దుకొనువారు మోసపోవుదురు. హాలులో నొక ఫోను, వంటయింట నొక ఫోను ఒకే కేంద్రమును వినిపించినను, రెండును ఒకే మాట పలుకవు.

ఖర్చు మాట గూడ చెప్పుకొనవలెను. మాటలకు తగిన 64 కిలోబిట్ల నాణ్యముతో ఒక గంట వినుటకు సుమారు 29 మెగాబైట్ల డేటా పట్టును. సంగీతమునకు మేలైన 128 కిలోబిట్లలో దానికి రెట్టింపు. దినమంతయు వదలక విన్నను మొదటి పద్ధతిలో 700 మెగాబైట్లు మించదు. ఒక సినిమా చూచుటకగు డేటాతో పోల్చిన నిది స్వల్పము.

మొదట మేము పేర్కొన్న భూగోళము రేడియో గార్డెన్ అనునది. 2016లో ఆమ్‌స్టర్‌డామ్ నగరమున వెలువడినది. ఒక్కొక్క చుక్కయు ఒక్కొక్క యూరు; తాకిన నచ్చటి రేడియో పలుకును. మేము పొరుగు వారి కొరకు వెదకి నదులు, మంచుకొండలు దాటితిమి గాని, నిలిచినది మాత్రము తెలుగు వినవచ్చిన చోటనే. మారిషస్ ప్రసారసంస్థ తెలుగులో కార్యక్రమములు వినిపించుచున్నది. కాకినాడ దాపుననున్న కోరంగి మొదలగు రేవులనుండి ఓడలెక్కి, ఆ ద్వీపమున చెరకుతోటలలో పనికి పోయిన మనవారిని అక్కడివారు కోరంగీలని పిలిచిరి. దక్షిణాఫ్రికాలోని డర్బనునుండి ప్రసారమగు లోటస్ ఎఫ్.ఎం. ఇతర భారతీయ భాషలతో పాటు తెలుగునకును చోటిచ్చినది. అక్కడికి మనవారు 1860 తరువాత వెళ్ళిరి. తరములు గడచిన ఆ గొంతులలో తెలుగు మాట మన చెవికి కొంత వింతగా తగులును, కాని భక్తిగీతము వచ్చినప్పుడు రాగము తడబడదు. ఆస్ట్రేలియాలో ఎస్.బి.ఎస్. సంస్థయు తెలుగు కార్యక్రమములు నడుపుచున్నది. వినదలచినవారు గడియారపు లెక్క మరువరాదు: మారిషస్ మనకు గంటన్నర వెనుక, డర్బను మూడున్నర గంటలు వెనుక, మెల్‌బోర్ను నాలుగున్నర గంటలు ముందు; అక్కడి వేసవిలో ఐదున్నర.

ఎదురు ప్రయాణము గూడ నున్నది. తాడేపల్లిగూడెమునుండి అమెరికాకో, కొల్లేటి గ్రామములనుండి గల్ఫు దేశములకో పోయిన పిల్లలు ఆకాశవాణి వారి యాప్‌లో తెలుగు కేంద్రములను వినగలుగుచున్నారు. మీడియం వేవ్ యెన్నడును చేరలేని దూరమది. ఒక్కొక్కప్పుడు కోరిన కేంద్రము పలుకదు. అది యంత్రదోషమే కానక్కరలేదు. పాటల హక్కులు, ఆటల వ్యాఖ్యానపు హక్కులు దేశమును బట్టి యుండును. ఆ కారణముననే 2022లో బ్రిటనులోని శ్రోతలకు రేడియో గార్డెన్ విదేశ కేంద్రములను వినిపించుట మానవలసి వచ్చినది. ఆకాశమునకు సరిహద్దులు లేకుండెను, తీగకు ఉన్నవి.

తీగకు ఇంకొక లక్షణము. ఆకాశమార్గమున ఒక స్తంభమునుండి వెలువడిన తరంగమును ఒకడు విన్నను, పదిలక్షల మంది విన్నను ప్రసారకర్తకు ఖర్చొక్కటే. అంతర్జాలమున ప్రతి శ్రోతకును వేరు వేరుగా పొట్లములు పంపవలెను. శ్రోతలు పెరిగిన భారము పెరుగును. అందరును ఒక్కసారి వినగోరు వేళ, అనగా విపత్తు వేళ, ఆ భారము మిక్కుటమగును.

కొల్లేటి వారికి విపత్తు వేళ యన నేమో చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరంతయు ఉప్పుటేరు దారినే సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన పిదప ఆ నీరును ఇటే వచ్చినది. మా మేనత్తగారి కుటుంబము ఒక లంకగ్రామమున నున్నది. కొన్ని యేండ్ల క్రిందట నొక వానకాలమున ఆ యూరి రోడ్డు మునిగినది, కరెంటు పోయినది. మన రాష్ట్రమున గాజుదారములను చాలవరకు విద్యుత్ స్తంభముల మీదుగనే లాగిరి గనుక, స్తంభము ఒరిగినచో రెండును ఒక్కసారే పోవును. రెండవనాటికి అక్కడి సెల్లు టవరు సైతము మూగవోయినది. మేము ఏలూరులో ఫోను పట్టుకొని ఎంత పిలిచినను పలుకు లేదు. దిక్కుతోచక, ఉదయము 6 గంటల 45 నిమిషములకు విజయవాడ ప్రాంతీయ వార్తలు ఆ ఫోనులోనే వింటిమి. దారి తెరచి, వారిని కలిసికొన్న పిమ్మట తెలిసినది: అదే వార్తలను మామయ్యగారు గట్టుపై రెండు పెన్సిలు సెల్లుల ట్రాన్సిస్టరులో, చుట్టును ఊరివారు మూగియుండగా, వినుచుండిరట. నీరు ఇంకెంత వచ్చునో, ఎటు కదలవలెనో వారికి తెలిసినది దానివలననే.

ఆ పెట్టెకును విజయవాడకును నడుమ విరుగుటకు స్తంభము లేదు, తెగుటకు తీగ లేదు. తడినేలయు, నీరును తరంగమునకు తోడ్పడినవే గాని అడ్డుకాలేదు. ఇటీవలి సంవత్సరములలో దేశమున పలుచోట్ల మీడియం వేవ్ ప్రసారయంత్రములు మూతపడినవి. ఎఫ్.ఎం. నాణ్యము మేలైనదే, కాని దాని యందుబాటు యాబది, అరువది కిలోమీటర్లు. పాతది గనుక తీసివేయవచ్చునన్న మాట వినబడినప్పుడెల్ల మాకు ఆ గట్టు కన్నులకు కట్టును. యాప్ ఉన్నది గదా యను సమాధానము ఏలూరు హాలులో సరిపోవును, లంకలో చాలదు.

ఇంట పాత వాల్వు సెట్టు ఉన్నవారికొక సూచన. గ్రామఫోను తగిలించుటకని వెనుక రెండు రంధ్రములుండును. వానికి ఫోనును కలిపి డర్బనును ఆ పెద్ద స్పీకరులో వినవచ్చును. ధ్వని గంభీరముగా నుండును. అయితే ట్రాన్స్‌ఫార్మరు లేని కొన్ని సెట్లలో లోపలి ఇనుపచట్రమునకే కరెంటు పారుచుండును. తెలిసిన మెకానిక్కు చూడనిదే చేయి పెట్టరాదు.

పోయిన సంక్రాంతికి మామయ్యగారు మా యింటికి వచ్చినప్పుడు ఆ విధముగనే మారిషస్ వినిపించితిమి. కొంతసేపు ఆలకించి, వార్తల వేళయైనదని సంచిలోని ట్రాన్సిస్టరు తీసి బల్లపై పెట్టిరి. మేమును ఫోనులో విజయవాడనే పెట్టితిమి. ట్రాన్సిస్టరు ఒక వార్త ముగించి రెండవదానికి పోయినది. ఫోను అప్పుడు మొదటిది మొదలిడినది. ఆయన చెవి యొగ్గి, నవ్వి, “ఏమోయ్ అల్లుడూ, మా రేడియో చెప్పిందే నీ ఫోను మళ్ళీ అప్పజెబుతోందేమిటి?” అనిరి.