పేజీ ఒకటే, ప్రశ్న వేరు: నెట్‌లో చదువుపై అపోహలు – వాస్తవాలు

కృష్ణకు వరద రాగానే శ్రీశైలం జలాశయం గురించిన పేజీలకు గిరాకీ పెరుగుతుంది. హైదరాబాద్ నుంచి పిల్లాపాపలతో బయలుదేరే పెద్దమనిషి పన్నెండు గేట్లలో ఎన్ని ఎత్తారో చూసి మూసేస్తాడు. గ్రూప్స్‌కు చదివే అమ్మాయి పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులని నోట్స్‌లో రాసుకుంటుంది. నంద్యాల వైపు రైతు కళ్లు పోతిరెడ్డిపాడు నుంచి కాలువలకు నీళ్లెప్పుడు వదులుతారన్న మాట దగ్గరే ఆగుతాయి. సాయంత్రం ముగ్గుర్నీ కూర్చోబెట్టి ‘ఏం చదివారు?’ అని అడిగితే మూడు వేర్వేరు పేజీల సంగతి చెప్పినట్టే ఉంటుంది.

చదివినదాంట్లో ఏం మిగులుతుందన్నది దేనికోసం చదివామన్నదాన్ని బట్టి మారిపోతుందని పరిశోధకులు సుమారు యాభై ఏళ్లుగా చూపిస్తూనే ఉన్నారు. నెట్ చదువుల మీద జనంలో ఉన్న నమ్మకాలు మాత్రం వేరే దారిలో నడుస్తున్నాయి.

అపోహ: ఒకే సమాచారం చదివితే అందరికీ ఒకటే తెలుస్తుంది.

1977లో జేమ్స్ పిచర్ట్, రిచర్డ్ ఆండర్సన్ అనే అమెరికా పరిశోధకులు ఒక చిన్న కథతో ప్రయోగం చేశారు. బడి ఎగ్గొట్టిన ఇద్దరు కుర్రాళ్లు తమలో ఒకరి ఇంటికి వెళ్తారు. కథ నిండా ఆ ఇంటి వివరాలే. కొందరిని ఇల్లు కొనడానికి వచ్చినవాళ్లలా, కొందరిని కన్నం వేయడానికి వచ్చిన దొంగల్లా ఊహించుకుని చదవమన్నారు. కొనేవాళ్లకు కారుతున్న పైకప్పు గుర్తుంది. దొంగలకు కలర్ టీవీ, నాణేల సేకరణ గుర్తున్నాయి.

ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. అసలు తమాషా 1978లో ప్రచురించిన ప్రయోగంలో ఉంది. గుర్తున్నదంతా రాసేశాక, ఈసారి దొంగలను కొనుగోలుదారులుగా, కొనుగోలుదారులను దొంగలుగా మారి మళ్లీ గుర్తుచేసుకోమన్నారు. కథను రెండోసారి చూపలేదు. అయినా మొదటిసారి తట్టని వివరాలు కొన్ని బయటికి వచ్చాయి. అంటే లక్ష్యం చదివేటప్పుడే కాదు, తలచుకునేటప్పుడూ పనిచేస్తుంది. పరీక్ష హాల్లో జవాబు తట్టకపోతే ప్రశ్నను ఇంకోవైపు నుంచి చూడమని పాతకాలం మాస్టార్లు చెప్పే సలహా ఉత్త ఓదార్పేమీ కాదన్నమాట.

అపోహ: గుర్తుపెట్టుకోవాలని గట్టిగా అనుకుంటే అదే గుర్తుంటుంది.

పట్టుదల మీద మనవాళ్లకు ఉన్న నమ్మకం అంతా ఇంతా కాదు. 1969లో థామస్ హైడ్, జేమ్స్ జెంకిన్స్ దాన్నే పరీక్షకు పెట్టారు. కొందరికి కొన్ని పదాలిచ్చి, ఒక్కో పదం మనసుకు ఆహ్లాదంగా అనిపిస్తోందా లేదా చెప్పమన్నారు. తర్వాత పరీక్ష ఉంటుందని ముందుగా చెప్పలేదు. అయినా వాళ్లు, గుర్తుపెట్టుకోమని చెప్పినవాళ్లతో దాదాపు సమానంగా పదాలు అప్పజెప్పారు. పదంలో ‘ఇ’ అనే ఆంగ్ల అక్షరం ఉందో లేదో చూడమన్నవాళ్లు మాత్రం బాగా వెనకబడ్డారు. ఫలితాన్ని తేల్చింది సంకల్పం కాదు, ఆ పదం అర్థంతో బుర్ర చేసిన పని.

వెబ్‌సైట్ల విషయానికొస్తే, జెన్నిఫర్ వైలీ, జేమ్స్ వాస్ 1999లో ప్రచురించిన అధ్యయనం ఇప్పటికీ పదునైనదే. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఐర్లాండ్‌లో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై కరవొచ్చింది. జనం లక్షల్లో చనిపోయారు, లక్షల్లో వలస పోయారు. ఆ దేశ జనాభా ఎందుకలా మారిపోయిందన్న అంశంపై కాలేజీ విద్యార్థులకు సమాచారమిచ్చారు. కొందరికి అది పాఠ్యపుస్తకంలో అధ్యాయంలా ఒకే ముద్దగా ఉంది. కొందరికి వెబ్‌సైట్‌లో వేర్వేరు పత్రాలుగా ఉంది. రాయాల్సిన వ్యాసంలోనూ తేడాలు పెట్టారు: కథనం, సారాంశం, వివరణ, వాదన.

వేర్వేరు పత్రాలు చూసి వాదన రాసినవాళ్లకే విషయం అందరికంటే బాగా అర్థమైంది. పత్రాల్లోని వాక్యాలను ఎత్తిరాయకుండా, కారణాలను ఒకదానితో ఒకటి ముడివేసి సొంతంగా రాసిందీ వాళ్లే. సారాంశం రాయడానికి ఉన్నది కుదిస్తే సరిపోతుంది. వాదించాలంటే ఏది కారణమో, ఏది ఫలితమో తేల్చుకోక తప్పదు. మన బళ్లలో ‘ఫలానా అంశం గురించి నెట్‌లో చూసి రాసుకురండి’ అని ఇచ్చే ప్రాజెక్టు వర్కు ఈ లెక్కన అన్నింటికన్నా బలహీనమైన పని. పిల్లలు ప్రింటు తీసి అట్ట మీద అంటిస్తున్నారని విసుక్కోవడం దేనికి? అడిగిందే అంటించమని!

అపోహ: పైపైన చదివితే దండగ, ప్రతి పేజీ పూర్తిగా చదవాలి.

వెబ్ పేజీలను జనం ఎలా చదువుతారో 1997లో జేకబ్ నీల్సన్ బృందం గమనించినప్పుడు, 79 శాతం మంది కొత్త పేజీ రాగానే కళ్లతో పైపైన జల్లెడ పట్టారు. పదం పదం చదివినవారు 16 శాతమే. దీన్ని చదువు చచ్చిపోయిందనడానికి సాక్ష్యంగా చూపేవాళ్లున్నారు. రైలు వేళ చూసుకోవడానికి పేజీని పూసగుచ్చినట్టు చదివేవాడు మంచి పాఠకుడేమీ కాదు. ఏం కావాలో తెలిసినవాడికి జల్లెడ పట్టడం ఒక నైపుణ్యం. అదే జల్లెడతో మధుమేహం మందుల గురించి చదివితేనే ప్రమాదం.

అప్పట్లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఉన్న శామ్ వైన్‌బర్గ్, శారా మెక్‌గ్రూ పరిశీలన ఇంకా ఆసక్తికరం. వాళ్లు 10 మంది చరిత్ర పండితులను, 10 మంది వృత్తి నిజనిర్ధారకులను, 25 మంది స్టాన్‌ఫర్డ్ విద్యార్థులను కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టారు. ఒక పనిలో పిల్లల వైద్యులకు సంబంధించిన రెండు సంస్థల వెబ్‌సైట్లు చూపించారు. ఒకటి 1930లో పుట్టిన పేరున్న అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్. రెండోది దాని నుంచి 2002లో చీలిన చిన్న వర్గం, అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రీషియన్స్. రెండూ చూడ్డానికి పద్ధతిగానే ఉంటాయి. ఏది నమ్మదగినదన్నది ప్రశ్న.

విద్యార్థులు, పండితులు పేజీని శ్రద్ధగా పైనుంచి కిందికి చదివారు. లోగో, వాక్యాల తీరు, కింద ఇచ్చిన ఆధారాల జాబితా చూశారు. చాలామంది విద్యార్థులు, కొందరు పండితులు కూడా బోల్తా పడ్డారు. నిజనిర్ధారకులు పేజీలో ఎక్కువసేపు నిలవలేదు. కొత్త ట్యాబులు తెరిచి ఈ సంస్థ ఎవరిదని బయట వాకబు చేశారు. తక్కువ చదివి, తక్కువ సమయంలో సరైన నిర్ణయానికి వచ్చారు. ‘ఇందులో ఏముంది?’ అన్న ప్రశ్నతో పండితులు మొదలెడితే, ‘ఇది చెప్పేది ఎవరు?’ అన్న ప్రశ్నతో వీళ్లు మొదలెట్టారు.

ఫోనుతో పుట్టిన తరానికి ఇవన్నీ వాటంతటవే వచ్చేస్తాయనుకుంటే అదీ పొరపాటే. 2018–19లో స్టాన్‌ఫర్డ్ బృందమే అమెరికాలో 3,446 మంది హైస్కూలు విద్యార్థులను పరీక్షించింది. వాతావరణ మార్పుపై ఒక వెబ్‌సైట్ చూపిస్తే, దాని వెనక చమురు, బొగ్గు వంటి ఇంధనాల పరిశ్రమతో సంబంధాలున్నాయన్న సంగతిని 96 శాతం మంది పట్టించుకోలేదు. వేళ్లు చురుగ్గా కదలడం వేరు, ప్రశ్న వేయడం వేరు.

అపోహ: తెర మీద చదివింది నిలవదు, కాగితమే గతి.

ఇందులో సగం నిజం ఉంది. పాబ్లో డెల్గాడో బృందం 2018లో 54 అధ్యయనాలను, 1.71 లక్షల మంది ఫలితాలను కలిపి చూసింది. సమాచార వ్యాసాల విషయంలో కాగితానికి స్వల్పంగా మొగ్గు ఉంది. ఉత్త కథల్లో ఆ తేడా కనిపించలేదు. ఇజ్రాయెల్ పరిశోధకులు రాకెఫెట్ ఆకర్‌మన్, మోరిస్ గోల్డ్‌స్మిత్ 2011లో ఇంకో కీలకం పట్టుకున్నారు. ఎంతసేపు చదవాలో పరిశోధకులే నిర్ణయించినప్పుడు తెరకూ కాగితానికీ తేడా రాలేదు. ఆ నిర్ణయం పాఠకుడికే వదిలేస్తే తెర మీద చదివినవాళ్లు వెనకబడ్డారు. పైగా తమకు బాగా వచ్చేసిందన్న భ్రమ వాళ్లకే ఎక్కువ. కాబట్టి గాజు తెరను తిట్టి లాభం లేదు. తెర ముందు కూర్చోగానే ‘ఇక చాలు’ అనుకునే తొందరది తప్పు.

అపోహ: గూగుల్ వచ్చాక జ్ఞాపకశక్తి పోయింది.

బెట్సీ స్పారో బృందం 2011లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఈ మాట ప్రపంచమంతా పాకింది. అందులోని ఒక ప్రయోగాన్ని ఇతర పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే అదే ఫలితం రాలేదని 2018లో తేలింది. అది అంతగా పాకలేదు. ఇంతకంటే పట్టించుకోవాల్సిన సంగతి మాథ్యూ ఫిషర్ బృందం 2015లో చూపింది. కొన్ని ప్రశ్నలకు నెట్‌లో జవాబులు వెతికినవాళ్లు, వాటితో సంబంధం లేని ఇతర విషయాలు కూడా తమకు బాగా తెలుసని అంచనా వేసుకున్నారు.

ఇంత చెప్పాక, పనేమీ లేకుండా నెట్‌లో తిరగడం వృథా అనిపించవచ్చు. అదీ నిజం కాదు. తిరిగేవాడికి నిజమైన కుతూహలం ఉందా లేదా అన్నదే తేడా. 2014లో మథియాస్ గ్రూబర్, చరణ్ రంగనాథ్ తదితరులు కొందరికి క్విజ్ ప్రశ్నలు వేసి, జవాబు చెప్పేలోగా మధ్యలో సంబంధం లేని ముఖాల ఫొటోలు చూపించారు. జవాబు కోసం ఎక్కువ ఆత్రపడిన ప్రశ్నల జవాబులే కాదు, ఆ ఆత్రంలో కళ్లముందు మెరిసిన ముఖాలు కూడా వాళ్లకు ఎక్కువ గుర్తున్నాయి. మరుసటి రోజు పరీక్షించినా ఆ తేడా నిలిచింది.