విశాఖపట్నం: రేవు వైపు నుంచి

విశాఖపట్నానికి హార్బర్ రావడానికి మూలం ఒక కొండ. ఊరికి దక్షిణాన సముద్రంలోకి మూతి చాచినట్టుండే ఆ కొండ పేరు డాల్ఫిన్స్ నోస్. నైరుతి నుంచి వచ్చే కెరటాల ఉద్ధృతిని అది అడ్డుకుంటుంది. ఒకప్పుడు దాని చాటున ఉప్పుటేరు, బురదనేల తప్ప మరేమీ లేవు. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని ఓడలకెక్కించడానికి కలకత్తాకీ మద్రాసుకీ నడుమ ఒక రేవు కావలసివచ్చింది. దాంతో ఆ బురదనే తవ్వి హార్బర్ కట్టారు, రాయపూర్ నుంచి విజయనగరం దాకా రైలుమార్గం వేశారు. ఓడలు వచ్చే కాలువకు కాపుగా రెండు పాత ఓడలను సముద్రంలో ముంచి అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ లోపలికి వచ్చిన మొదటి ఓడ అయింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును ప్రారంభించాడు.

జహీరాబాద్ నుంచి ఈ రేవుకు ఎలా వెళ్లాలో చూద్దాం. ఆ ఊరి మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి తూర్పున ఆగేదీ ఒక రేవులోనే. అది గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారమైన మచిలీపట్నం. విశాఖకు పోయేవారు ఆ దారిలో విజయవాడ దాకా వెళ్లి 16వ నంబరు రహదారి పట్టాలి. అంత దూరం రోడ్డు మీద అలసిపోవడం కంటే రైలే సుఖం. జహీరాబాద్ నుంచి హైదరాబాద్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగవచ్చు.

దిగినవారు ముందు బీచ్‌కు పరుగెత్తడం మామూలే. కానీ నగరాన్ని అర్థం చేసుకోవాలంటే పాతనగరంలోని రాస్ హిల్ ఎక్కాలి. రేవు కాలువ పక్కనే మూడు గుట్టలున్నాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఇంకొకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి. చర్చి దగ్గర నిలబడితే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్, కింద కాలువ కనిపిస్తాయి. టగ్ పడవల సాయంతో ఓడ కొండకూ ఊరికీ మధ్య మెల్లగా లోపలికి వస్తుంది. సముద్రం ఎరుగని ఊళ్ల నుంచి వచ్చినవారికి, ముఖ్యంగా పిల్లలకు, ఇంతకు మించిన దృశ్యం విశాఖలో లేదు. ఒక గంట ఓపిక పట్టి కూర్చోవాలి. నౌకాదళ స్థావరాల వైపు మాత్రం ఫొటోలు తీయకూడదు.

ఇక్కడి షిప్‌యార్డును మొదలుపెట్టింది సింధియా కంపెనీ. 1941లో బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు.

ఆర్కే బీచ్‌కూ హార్బర్‌కూ ఉన్న సంబంధం చాలామందికి తెలియదు. ఈ తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. రేవు కట్టడాలు దాన్ని ఆపేయడంతో ఉత్తరాన ఉన్న బీచ్ కోతకు గురవుతుంది. అందుకే పోర్టు వారు డ్రెడ్జర్లతో తోడిన ఇసుకను తెచ్చి ఇక్కడ పోస్తుంటారు. సందర్శకుల కాళ్ల కింది ఇసుకలో కొంత అలా వచ్చినదే. ఇక్కడ ఒడ్డు దగ్గరే లోతు ఎక్కువ, అలల లాగుడూ ఎక్కువ. ఈత తెలిసినవారు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. పాదాలు తడుపుకొని, మురీ మిక్స్చర్ తింటూ ఒడ్డున కూర్చోవడం మేలు. ఋషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. అక్కడైనా లైఫ్‌గార్డుల మాట వినాలి.

బీచ్ రోడ్డు మీదే కురుసుర జలాంతర్గామి ఉంది. రష్యాలో తయారైన ఈ ‘ఐఎన్‌ఎస్ కురుసుర’ 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పాల్గొని, 2001లో విరమించింది. మరుసటి ఏడాది మ్యూజియం అయింది. సుమారు 91 మీటర్ల పొడవున్నా లోపల మనిషి ఒదిగి నడవాల్సిందే. గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ, టార్పెడోల పక్కనే ఉన్న ఇరుకు పడకలు చూస్తే నావికుల బతుకు ఎంత కష్టమో తెలిసివస్తుంది. సోమవారం సెలవు. ఎదురుగా టీయూ-142 విమానాన్ని కూడా మ్యూజియంగా మార్చారు.

ఫిషింగ్ హార్బర్‌కు తెల్లవారుజామునే వెళ్లాలి. మరబోట్ల నుంచి వంజరం, చందువ, రొయ్యలు, పీతలు దిగుతాయి, అక్కడికక్కడే వేలం సాగుతుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో వెళితే కట్టేసిన బోట్లు, అల్లుతున్న వలలు కనిపిస్తాయి.

భీమిలి దారిలోని తొట్లకొండ మీద సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది. తవ్వకాల్లో అక్కడ రోమన్ నాణేలు దొరికాయి. ఇప్పటి హార్బర్‌కు ఎన్నో శతాబ్దాల ముందే ఈ తీరానికి దూరదేశాల సరుకు వచ్చేదన్నమాట. ఇక సింహాచలం గుడిలో స్వామి నిజరూపం ఏడాదికి ఒక్కరోజే, వైశాఖ శుద్ధ తదియనాడు దర్శనమిస్తుంది. మిగతా రోజుల్లో చందనపు పూత ఉంటుంది. రద్దీకి జంకేవారు ఆ ఒక్కరోజు తప్ప ఎప్పుడైనా వెళ్లవచ్చు.

ప్రయాణానికి నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. అక్టోబరు, నవంబరు తుపానుల నెలలు. 2014లో హుద్‌హుద్ తుపాను ఈ నగరాన్ని తాకింది అక్టోబరు 12నే. ఆ రెండు నెలల్లో బయలుదేరేవారు వాతావరణ సూచన చూసుకున్నాకే టికెట్ తీసుకోవాలి.