బ్యాకప్ జీవితకథ: టేపు చుట్ట నుంచి ఎమిరేట్స్ సర్వర్ల దాకా

విండోస్, లినక్స్, యూనిక్స్ వంటి వేర్వేరు ఆపరేటింగ్ సిస్టంలతో నడిచే సర్వర్లు ఒకే సంస్థలో కలిసి పనిచేస్తున్నప్పుడు, వాటి సమాచారానికి నకళ్లు తీసి దాచే పద్ధతిని, అంటే బ్యాకప్‌ను, ఎంచుకునేవారు ముందుగా తేల్చుకోవలసింది ఒకటుంది: యంత్రాలన్నీ ఒకేసారి చెడిపోతే దేని ఆధారంతో, ఎంతసేపట్లో కోలుకోగలమన్నది.

నకళ్ల నిల్వకు చిరకాలంగా ఆధారమైన సాధనం అయస్కాంత టేపు. 1951లో యూనివాక్ కంప్యూటర్‌తో వచ్చిన యూనిసర్వో పరికరం నికెల్ పూత గల కంచు టేపును వాడగా, 1952లో ఐబీఎం ప్రకటించిన 726 యంత్రం అర అంగుళం వెడల్పు గల ప్లాస్టిక్ టేపు మీద చుట్టకు సుమారు 2 మెగాబైట్లు నింపగలిగింది. చుట్టలు హఠాత్తుగా కదిలి ఆగినప్పుడు టేపు తెగకుండా, గాలిని పీల్చే నిలువు గొట్టాల్లోకి దాన్ని వదులుగా దించడం అందులోని నేర్పు. 2000లో వచ్చిన ఎల్‌టీవో ప్రమాణపు తొలి క్యాసెట్‌లో 100 గిగాబైట్లు పట్టగా, 2021 నాటి తొమ్మిదో తరం క్యాసెట్‌లో 18 టెరాబైట్లు పడుతున్నాయి.

యూనిక్స్‌లో 1970వ దశకంలో పుట్టిన డంప్, టార్ ఆజ్ఞలు ఒక్కో యంత్రాన్ని విడివిడిగా టేపుకెక్కించేవి. మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1991లో రూపొందిన అమాండా, నెట్‌వర్క్‌లోని యంత్రాలన్నిటి నకళ్లను ఒకే కేంద్ర సర్వర్‌కు చేర్చింది. 2002లో విడుదలైన బాక్యులా వంటి వ్యవస్థల్లో, ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం ప్రతి సర్వర్‌లోనూ ఉండి, ఆ ఆపరేటింగ్ సిస్టంకు ప్రత్యేకమైన ఫైళ్ల అనుమతులను కూడా సమాచారంతో పాటే భద్రపరుస్తుంది. అయితే నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా నకలు చేస్తే సగం రాసిన లెక్కలు చిక్కే ప్రమాదం ఉన్నందున, దానికి డేటాబేస్ సొంత సాధనాన్నే వాడాలి.

నకలును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ అనుభవం సమాధానమిస్తుంది. 2008 ఫిబ్రవరి 1న దుబాయ్ తీరానికి సుమారు 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ అనే సముద్రగర్భ కేబుల్ ఓడ లంగరు తగిలి తెగినప్పుడు, దూరదేశపు నకలును మాత్రమే నమ్ముకోవడంలోని అపాయం తెలిసివచ్చింది. 2018 డిసెంబరులో ఇటలీ చమురు సేవల సంస్థ సైపెమ్ మీద షమూన్ అనే విధ్వంసక ప్రోగ్రాం దాడి చేసి, సౌదీ అరేబియా, ఎమిరేట్స్, కువైట్ దేశాల్లో ప్రధానంగా 300 నుంచి 400 సర్వర్లను దెబ్బతీసింది. వ్యవస్థలన్నిటికీ బ్యాకప్ ఉన్నందున సమాచార నష్టం జరగలేదని సంస్థ ప్రకటించింది.

2019లో మైక్రోసాఫ్ట్, 2022లో అమెజాన్ ఎమిరేట్స్‌లోనే క్లౌడ్ డేటా సెంటర్లు తెరవడంతో, నకలును దేశం దాటించకుండానే మరో ఊళ్లో ఉంచడం సులువైంది. అయినా అదే నిర్వాహకుడి పాస్‌వర్డుతో చెరిపేయగలిగే క్లౌడ్ నకలు షమూన్ వంటి దాడికి నిలవదు. యంత్రం నుంచి తీసి బీరువాలో పెట్టిన టేపును మాత్రం నెట్‌వర్క్ ద్వారా ఎవరూ తాకలేరు. కాబట్టి మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న ప్రసిద్ధ సూత్రానికి, నెట్‌వర్క్‌తో తెగతెంపులైన ప్రతి ఒకటి తప్పనిసరి అన్న నియమాన్ని చేర్చుకోవాలి. ప్రతి రకం సర్వర్‌నూ ఖాళీ యంత్రం మీద తిరిగి నిలబెట్టి చూసిన పద్ధతినే సంస్థలు ఎంచుకోవాలి. అలా పరీక్షించని నకలును బ్యాకప్‌గా లెక్కించకూడదు.