లుకేమియా: ఆ మాటకు అర్థమేమి?



పుప్పాలగూడలో అపార్ట్‌మెంట్ల పనికి పాలమూరు నుండి వచ్చిన ఒక మేస్త్రీ, అయిదేళ్ళ కొడుకును భుజాన వేసుకుని మన హాస్పిటల్‌కు వచ్చాడు. రెండు నెలలుగా కాళ్ళ నొప్పులు, తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చే జ్వరం. ముఖం పాలిపోయింది, పళ్ళు తోమితే చిగుళ్ళ నుండి రక్తం వస్తోంది. బయట ఎక్కడో రక్తం తక్కువని టానిక్కు రాసిచ్చారట. మా ల్యాబులో స్లైడు చూసిన డాక్టరుగారు లుకేమియా అని అనుమానించారు. తండ్రి నన్ను పక్కకు పిలిచి అడిగాడు: "సిస్టరమ్మా, పిలగాని నెత్తురు తెల్లగైందంటున్రు. నా నెత్తురు గుంజి ఎక్కియ్యుండ్రి, సాలదా?"

అతను అన్నదే ఆ మాటకు అర్థం. గ్రీకులో ల్యూకోస్ అంటే తెలుపు, హైమా అంటే రక్తం. క్రొత్త నిబంధన గ్రీకులోనూ ఇవే మాటలు. ప్రకటన 7:14లో రక్తమూ, తెలుపు చేయుట అనే మాటా ఒకే వచనంలో ఉన్నవి. 1845లో జర్మన్ డాక్టరు రుడాల్ఫ్ విర్కో, చనిపోయిన ఒక రోగి రక్తంలో తెల్ల కణాలు విపరీతంగా ఉండటం చూసి దానిని తెల్ల రక్తమన్నాడు. 1847లో గ్రీకు మాటలతో లుకేమియా అని పేరు పెట్టాడు. అదే 1845లో ఎడిన్‌బరోలో బెన్నెట్ అనే డాక్టరు ఇటువంటి రోగినే చూసి, రక్తంలో చీము పట్టిందనుకున్నాడు. చీము కాదని విర్కో చెప్పి ఇన్నేళ్ళైనా, మా వార్డులో ఆ మాట ఇంకా వినబడుతూనే ఉంది!

కంటికి రక్తం ఎర్రగానే ఉంటుంది. జబ్బు ఉన్నది ఎముకల లోపలి మూలుగలో. ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ అక్కడే తయారవుతాయి. లుకేమియాలో ఒక రకం తెల్ల కణం ఎదగకుండానే అదుపు లేకుండా పెరుగుతుంది. వరిలో ఊద మొలిచినట్టే. చూడటానికి వరిలాగే ఉంటుంది, గింజ మాత్రం పనికిరాదు, వరికి చోటివ్వదు. (మత్తయి 13లోని గురుగులు గుర్తుకొస్తాయి. అక్కడ కోత వరకు ఆగమన్నారు గాని, ఇక్కడ ఆగకూడదు.) ఎర్ర కణాలకు చోటు లేక పాలిపోవడం, ప్లేట్‌లెట్లు లేక చిగుళ్ళ రక్తం, ఒంటిపై ఎర్ర చుక్కలు. తెల్ల కణాలు ఎన్ని ఉన్నా పోరాడేవి లేక జ్వరాలు. మూలుగ కిక్కిరిసి ఎముకల నొప్పులు.

అందుకే ఆ తండ్రికి ఇలా చెప్పాను: "అయ్యా, రక్తం ఎక్కిస్తాము, బాబుకు ఓపిక వస్తుంది. గాని జబ్బు పోదు. పొలం నిండా ఊద ఉండగా నీళ్ళు పెట్టినట్టే."

ఇంకో మాట. ఇక్కడి సాఫ్ట్‌వేర్ పిల్లలు రిపోర్టు చేతబట్టుకుని భయపడుతూ వస్తారు. పెద్దవారిలో తెల్ల కణాలు సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉండవచ్చు. ఒక అమ్మాయికి 13,500 వచ్చాయి. కారణం పుచ్చుపన్ను! ఇన్ఫెక్షన్‌లో కణాలు పెరగడం లుకేమియా కాదు. మరోవైపు, కొందరు లుకేమియా రోగులకు సంఖ్య మామూలుగానో తక్కువగానో ఉంటుంది. కనుక అంకె చూసి ఎవరికి వారు తీర్పు చెప్పుకోకూడదు. స్లైడు చూడాలి, తుంటి ఎముక నుండి మూలుగ తీసి పరీక్షించాలి. ఇది అంటుజబ్బు కాదు, శాపమూ కాదు.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకానికి చికిత్స దారి తెరిచినవారిలో మన తెలుగువారు ఉన్నారు. 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు, అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు పెద్దగా ఉండేవారు. గర్భిణులకు మనమిచ్చే ఫోలిక్ యాసిడ్‌ను అక్కడ ఆయన బృందమే కృత్రిమంగా తయారుచేసింది. కణాలు పెరగడానికి ఫోలిక్ యాసిడ్ కావాలి గనుక, దానికి అడ్డుపడే అమినాప్టెరిన్‌ను కూడా వారే తయారుచేశారు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానిని లుకేమియా పిల్లలకు ఇచ్చి, 16 మందిలో 10 మందికి కొంతకాలం గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. దాని తోడు మందు మెథోట్రెక్సేట్ నేటికీ మా ఫార్మసీలో ఉంది. ఆనాడు కొద్ది నెలల ఊరట. ఈనాడు మంచి వైద్యం పూర్తిగా అందినచోట పదిమంది పిల్లల్లో ఎనిమిదిమందికి పైగా బ్రతుకుతున్నారు.

పూర్తిగా అన్నదే ముఖ్యం. చికిత్స రెండు మూడేళ్ళు. మొదటి నెల తరువాత బిడ్డ ఆడుకుంటాడు, బువ్వ తింటాడు. తగ్గిందని ఊరెళ్ళిపోతే జబ్బు తిరిగి వస్తుంది, రెండోసారి మొండిది. డబ్బుకు భయపడవద్దు. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కేన్సర్ హాస్పిటల్ ఉంది, 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. కార్డు, ఆధార్ తెస్తే మా కౌంటరులో దారి చెబుతారు. ప్రార్థన చేయించుకోండి, తారీఖు తప్పకండి. డాక్టరును అడగకుండా టానిక్కులు వద్దు, వాటిలో ఫోలిక్ యాసిడ్ ఉండవచ్చు.

ఇంటివద్ద మాత్రలు వాడే రోజుల్లో మరొక ప్రమాదం. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేయాలి. రోజూ వేసే మాత్రలతో కలిపి ఇదీ రోజూ వేస్తే ప్రాణానికే ముప్పు. ఆ బాబు తల్లికి చదువు రాదు. చర్చి క్యాలెండరులో బుధవారాలన్నిటికీ ఎర్ర పెన్సిలుతో ఆమె చేతనే సున్నాలు చుట్టించాము. మాత్ర వేసిన వారం సున్నాపై అడ్డగీత కొట్టి, నెలకోసారి తెచ్చి చూపిస్తోంది.