వేగంగా రావచ్చు, వేగంగా దిగకూడదు

పెద్ద విమానాశ్రయంలో దిగబోతున్న సెస్నా 172 వెనకే ఒక జెట్ వస్తోందనుకోండి. జెట్ సుమారు 140 నాట్లతో వస్తుంది. సెస్నా మామూలుగా 65 నాట్లు, అంటే గంటకు 120 కిలోమీటర్లు. చివరి ఐదు నాటికల్ మైళ్లకు దానికి నాలుగున్నర నిమిషాలు పడితే, జెట్‌కి రెండు నిమిషాలు చాలు. అందుకే కంట్రోలర్ చిన్న విమానాన్ని 100 నాట్లతో రమ్మంటాడు.

రన్‌వేకి దూరంగా ఉన్నంతసేపూ ఆ వేగంతో ముప్పు లేదు. పైగా వేగం చాలక రెక్కలు విమానాన్ని మోయలేకపోయే స్థితి, అంటే స్టాల్, ఇంకా దూరంగా ఉంటుంది. చిక్కంతా ఆ వేగాన్ని నేల దాకా మోసుకురావడంలోనే. గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, 65 బదులు 90 నాట్లతో రన్‌వే అంచు దాటితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. నేలకు బాగా దగ్గరైతే గాలి నిరోధం తగ్గి, విమానం దిగకుండా తేలుతూ పోతుంది. కళ్లముందే రన్‌వే తరిగిపోతుంటే పైలట్ ఓపిక నశించి యోక్‌ను (విమానాన్ని నడిపే పిడిని) ముందుకు నెట్టాడా, ముందు చక్రం మొదట తగిలి విమానం ఎగిరిపడుతుంది. అలా రెండు మూడుసార్లు గెంతితే ఆ చక్రం కాలు విరగవచ్చు, ప్రొపెల్లర్ నేలకు కొట్టుకోవచ్చు. వేగంగా వచ్చి చెడిన ల్యాండింగుల్లో నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే.

కనుక వేగం తగ్గించడం మూడు మైళ్ల దగ్గరే మొదలుపెట్టాలి. పవర్ తగ్గించి, ముక్కు వాలిపోకుండా పట్టుకుంటే వేగం పడుతుంది. 172ఎస్ మోడల్‌లో 110 నాట్ల లోపు ఫ్లాప్స్‌ను (రెక్కల వెనక అంచున కిందికి వంగే పలకలను) 10 డిగ్రీలు దించవచ్చు. అంతకు మించి దించాలంటే 85 లోపుకి రావాలి. వేగసూచికలో తెల్ల పట్టీ పై అంచు అదే. తొందరపడితే గాలి తాకిడికి ఫ్లాప్స్ దెబ్బతింటాయి. వేగం మారినప్పుడల్లా ట్రిమ్ చక్రం తిప్పుతూ ఉండాలి, లేకపోతే యోక్ బరువెక్కి చెయ్యి లాగేస్తుంది.

చాలామంది శిక్షకులు 500 అడుగుల ఎత్తును హద్దుగా పెడతారు. మూడు డిగ్రీల వాలులో అది రన్‌వేకి మైలున్నర పైచిలుకు దూరం. అక్కడికి వేగం, ఫ్లాప్స్, దారి కుదురుకోకపోతే మళ్లీ పైకి లేవాల్సిందే. ఫుల్ పవర్ ఇవ్వగానే, నెమ్మది వేగానికి సరిచేసిన ట్రిమ్ వల్ల ముక్కు ఒక్కసారిగా పైకి లేస్తుంది. యోక్‌ను గట్టిగా ముందుకు అదిమిపట్టి, ఫ్లాప్స్ 20 డిగ్రీలకు తీసుకోవాలి. ఇక అసలు అంత వేగం తనవల్ల కాదనిపిస్తే, ఆ మాట కంట్రోలర్‌కి ముందే చెప్పే హక్కు పైలట్‌కి ఉంది. జెట్‌ను పక్కకు తిప్పి తీసుకురావడం కంట్రోలర్ పని.