డీవీఆర్ డబ్బా జాతకం

ఆఫీసులో దొంగలు పడ్డారన్న వార్తల చివర తరచూ ఒక ముక్క కనిపిస్తుంది: పోతూపోతూ డీవీఆర్‌ను కూడా పట్టుకుపోయారని. కెమెరాలు ఎంచుకునేటప్పుడు పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా ఆ డబ్బా మీద పెట్టని యజమానికి దాని విలువ అప్పుడు తెలుస్తుంది. దొంగకు ముందే తెలుసు. కెమెరా చూస్తుంది, అంతవరకే దాని పని. చూసినదాన్ని పట్టి ఉంచేది బీరువా మీదో ఫాల్స్ సీలింగ్ లోపలో దుమ్ము కొట్టుకుంటూ పడి ఉండే ఆ డబ్బాయే. ఈ యంత్రం కథంతా ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది. చూడటం ఎప్పుడో చౌకైపోయింది. దాచడం ఇప్పటికీ ఖరీదే.

1942లో జర్మనీలోని పీనెముండెలో వీ-2 రాకెట్లను పరీక్షిస్తున్నప్పుడు దగ్గర నిలబడి చూడటం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వాల్టర్ బ్రూక్ అనే ఇంజినీరు ప్రయోగవేదిక దగ్గర టీవీ కెమెరాలు పెట్టించి, తీగలు లాగి, దూరంగా సురక్షితమైన చోట తెర మీద చూసే ఏర్పాటు చేశాడు. సీసీటీవీ చరిత్రను సాధారణంగా అక్కడి నుంచే మొదలుపెడతారు. రాకెట్ లేచింది, తెర మీద కనిపించింది, అయిపోయింది. ఆ టీవీ బొమ్మను వెనక్కి తిప్పి మళ్లీ చూసే సాధనం అప్పటికి లేదు.

పాటను టేపు మీద ఎక్కించడం అప్పటికే వచ్చు. బొమ్మతో వచ్చిన ఇబ్బంది దాని వేగం. మన చెవికి వినిపించే ధ్వనిలో సెకనుకు మహా అయితే 20 వేల కంపనాలు. టీవీ సంకేతంలో అవి 40 లక్షల దాకా వెళ్తాయి. కదలని హెడ్ ముందు నుంచి టేపును లాగే పాత పద్ధతిలో ఇదంతా పట్టాలంటే టేపు విపరీతమైన వేగంతో పరుగెత్తాలి. బీబీసీ వాళ్లు 1950ల్లో మొండిగా అదే చేశారు. వేరా అనే వాళ్ల యంత్రంలో టేపు సెకనుకు 5 మీటర్లు పరిగెత్తేది. 20 అంగుళాల చుట్టకు వచ్చే కార్యక్రమం 15 నిమిషాలు. లెక్క కడితే నాలుగున్నర కిలోమీటర్ల టేపు!

కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ సిటీలోని ఆంపెక్స్ కంపెనీ టేపును నెమ్మదిగా పోనిచ్చి, హెడ్‌నే తిప్పింది. చార్లెస్ గిన్స్‌బర్గ్ నడిపిన ఆ చిన్న బృందంలో, తర్వాత సినిమా హాళ్లలో పేరు మోగిన రే డాల్బీ కూడా ఉన్నాడు. చేరేనాటికి ఇంకా విద్యార్థి. నాలుగు హెడ్‌లు బిగించిన చక్రం నిమిషానికి 14,400 చుట్లు తిరుగుతూ, 2 అంగుళాల వెడల్పు టేపును అడ్డంగా గీస్తూ పోతుంది. టేపు సెకనుకు 15 అంగుళాలు కదిలితే చాలు. 1956 ఏప్రిల్‌లో షికాగోలో ఈ యంత్రాన్ని చూపించారు. ధర సుమారు 50 వేల డాలర్లు. టీవీ స్టేషన్లు క్యూ కట్టాయి గానీ, కిరాణా దుకాణానికి కాపలా పెట్టుకునే ధర కాదది.

అదే 1956లో, అక్కడికి కారులో గంట దూరం కూడా లేని శాన్‌హోసేలో ఐబీఎం వాళ్లు మొట్టమొదటి హార్డ్ డిస్కును తయారుచేశారు. రామాక్ అని పేరు. 24 అంగుళాల పళ్లేలు 50 ఒకదాని మీద ఒకటి పేర్చిన ఆ భారీ యంత్రంలో పట్టేది ఇప్పటి లెక్కలో 3.75 ఎంబీ. ఈనాటి ఆఫీసు కెమెరా ఒక్కటి దాన్ని ఏడున్నర సెకన్లలో నింపేస్తుంది. వీడియో టేపు ఒకచోట, డిస్కు ఇంకోచోట ఒకే ఏడాది పుట్టినా, వీడియో డిస్కు మీదికి చేరి ఆఫీసుల్లో కాపలాకు కూర్చునేసరికి నలభై ఏళ్లు పట్టింది.

ఆ మధ్యకాలమంతా క్యాసెట్లదే రాజ్యం. 1976లో జేవీసీ వీహెచ్ఎస్ తెచ్చాక బ్యాంకులకూ నగల దుకాణాలకూ రికార్డింగ్ అందుబాటులోకి వచ్చింది. క్యాసెట్ నిడివి మూడు గంటలు, దొంగకు మాత్రం ఇరవైనాలుగు గంటలూ తీరికే. దీనికి కనిపెట్టిన ఉపాయమే టైమ్‌లాప్స్ వీసీఆర్. సెకనుకు 50 సార్లు పట్టాల్సిన బొమ్మను ఆరు సార్లే పడితే మూడు గంటల టేపు రోజంతా వస్తుంది. ఒకే టేపును 960 గంటల దాకా, అంటే నలభై రోజుల పాటు సాగదీసే మోడళ్లు కూడా ఉండేవి. అప్పుడు ఒక బొమ్మకూ తర్వాతి బొమ్మకూ మధ్య ఆరు సెకన్ల పైనే. కౌంటరు మీది పర్సు తీసుకుని బయటపడటానికి అంత వ్యవధి చాలదా? దానికి తోడు మల్టీప్లెక్సర్ పెట్టి పదహారు కెమెరాలను వంతులవారీగా అదే టేపు మీదికి ఎక్కించేవారు. ఆ టేపునే నెలల తరబడి తిరగరాసేవారు. పాత బ్యాంకు దోపిడీల దృశ్యాల్లో మొహాలన్నీ అలుక్కుపోయి ఉండటానికి కెమెరాను తిట్టుకుంటాం. సగం పాపం ఆ అరిగిన టేపుదే.

టేపును దించి డిస్కును గద్దెనెక్కించింది డిస్కు ఒక్కటే కాదు, గణితం కూడా. 1972 ప్రాంతంలో అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీలో పనిచేస్తున్న నసీర్ అహ్మద్, బెంగళూరు మనిషి, బొమ్మలను కొసైన్ తరంగాలుగా విడగొట్టి కుదించవచ్చన్న ఆలోచనతో నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను డబ్బు అడిగాడు. ఇది మరీ తేలిక విషయమంటూ వాళ్లు ఇవ్వలేదు. ఆయన మానలేదు. తన విద్యార్థి నటరాజన్‌తో, టెక్సస్ యూనివర్సిటీ ఆర్లింగ్టన్ శాఖలో పాఠాలు చెబుతున్న కె.ఆర్. రావుతో కలిసి 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసం అచ్చు వేయించాడు. కె.ఆర్. రావు అంటే కామిశెట్టి రామమోహనరావు. ఫోన్‌లోని జేపెగ్ ఫొటోకూ, డీవీఆర్‌లోని హెచ్.264 వీడియోకూ పునాదిలో ఉన్నది ఆ నాలుగు పేజీలే. బొమ్మను చిన్న గళ్లుగా కోసి ఒక్కో గడినీ తరంగాల మొత్తంగా రాస్తే, అసలు సరుకంతా కొద్ది అంకెల్లోనే ఇమిడిపోతుంది. కన్ను పట్టించుకోని మిగతా అంకెల్ని వదిలేయవచ్చు.

దీని మీద ఇంకో పొదుపు. సెకనుకో రెండు సెకన్లకో ఒకసారి పూర్తి బొమ్మను రాసి, మధ్యలో మారినంత మేరకే రాసుకోవడం. పాల ఖాతాలో రోజూ ‘మామూలే’ అని పెట్టి, హెచ్చుతగ్గులు వచ్చిన రోజున మాత్రం అంకె వేసినట్టు. అందుకే ఖాళీ వరండా తక్కువ చోటు తింటుంది, రద్దీ రిసెప్షన్ ఎక్కువ తింటుంది. ఒక్క తిరకాసుంది. రాత్రి చీకట్లో బొమ్మ నిండా చుక్కలు లేస్తాయి, ఐఆర్ దీపం ముందు పురుగులు ముసురుతాయి, సాలీడు గూడు కట్టి ఊగుతుంది. యంత్రానికి ఇవన్నీ కదలికలే. ఏమీ జరగని రాత్రి పట్టపగలు కంటే ఎక్కువ డిస్కును మింగడం వింతేమీ కాదు.

కొనేవాళ్లకు అసలు లెక్క ఇక్కడ మొదలవుతుంది. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.264లో సెకనుకు 4 మెగాబిట్లు పంపుతుందనుకుందాం. అంటే 5 లక్షల బైట్లు. రోజుకు 43 జీబీ. ఎనిమిది కెమెరాలకు 346 జీబీ. ఇప్పుడు షాపువాడి కొటేషన్ తీయండి: ఎనిమిది కెమెరాలు, ఒక డీవీఆర్, 1 టీబీ డిస్కు. మూడు రోజులు కూడా నిండవు. డిస్కు నిండగానే పాతదాని మీద కొత్తది రాసుకుపోవడం ఈ యంత్రం స్వభావం. సంక్రాంతి సెలవులు గడిపి ఆఫీసు తాళం తీసేసరికి భోగినాటి రాత్రి చెరిగిపోయి ఉంటుంది. నెల రోజులు ఉండాలంటే 10.4 టీబీ కావాలి. 2013లో వచ్చిన హెచ్.265 వాడితే అందులో సగంతో సరిపెట్టుకోవచ్చు. ఈ నెల రోజుల మాట నేను గాలిలోంచి తీసింది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజాభద్రతా చట్టం జనం చేరే సంస్థల్లో కెమెరాలు పెట్టి, రికార్డింగును 30 రోజులు దాచాలంటోంది. పోలీసు స్టేషన్లలోనైతే 18 నెలలు దాచాలని 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పై లెక్కనే ఎనిమిది కెమెరాలకు పొడిగిస్తే 187 టీబీ దాకా తేలుతుంది. ఆ తీర్పు అమలు ఎందుకంత కష్టమో అంకెలోనే తెలుస్తోంది.

ఎంత డిస్కు అన్నది తేలాక, ఎలాంటి డిస్కు అన్నది మరీ ముఖ్యం. మన ఎనిమిది కెమెరాల ఆఫీసు ఏడాదికి 126 టీబీ రాస్తుంది. మామూలు డెస్క్‌టాప్ డిస్కులను ఏడాదికి 55 టీబీ పనికీ, 2,400 గంటల నడకకూ లెక్కవేసి చేస్తారు. నిఘా కోసం చేసిన డిస్కులకు ఆ హద్దు 180 టీబీ. గంటలు ఏడాదికెన్నో అన్నీ. తేడా మన్నికలోనే కాదు, గుణంలోనూ ఉంది. డెస్క్‌టాప్ డిస్కుకు ఒక చోట చదవడం కుదరకపోతే అక్కడే ఆగి పదేపదే ప్రయత్నిస్తుంది. ఉత్తరంలో అక్షరం పోతే తప్పు కదా. నిఘా డిస్కు ఆగకుండా ముందుకు సాగిపోతుంది, ఎందుకంటే తర్వాతి క్షణం తలుపు తట్టుతూ ఉంటుంది. కొద్ది వందలు మిగులుతాయని పాత కంప్యూటర్ డిస్కును డబ్బాలో దూర్చే టెక్నీషియన్‌ను గుమ్మంలోనే ఆపండి.

డీవీఆరా, నెట్‌వర్క్ మీద నడిచే ఎన్‌వీఆరా అన్న ప్రశ్నకు నేను పెద్దగా విలువివ్వను. గోడల్లో మంచి కోయాక్సియల్ కేబుల్ ఉంటే డీవీఆర్ చాలు. బొమ్మను కుదించే పని డబ్బా చేసుకుంటుంది. కొత్తగా వైరింగ్ చేసేటట్లయితే ఎన్‌వీఆర్ మేలు. కెమెరాలే కుదించి పంపుతాయి, ఒక్క నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటూ వెళ్తుంది కాబట్టి, ఆ కరెంటును పంపే పీఓఈ స్విచ్చికీ డబ్బాకూ కలిపి ఒక యూపీఎస్ పెడితే కరెంటు పోయినా అన్నీ నడుస్తాయి. రాస్తున్న మధ్యలో కరెంటు పోతే డిస్కులోని సూచిక చెడి, ఉన్న వీడియో కూడా దొరకని గతి పట్టవచ్చు. ఎన్‌వీఆర్ కొనేటప్పుడు ఎన్ని చానళ్లో చూసి ఊరుకోకుండా, మొత్తం సెకనుకు ఎన్ని మెగాబిట్లు లోపలికి తీసుకోగలదో కూడా అడగాలి.

ఇంటర్నెట్‌కు కలిపాక ఈ డబ్బా ఒక కంప్యూటర్. 2016 అక్టోబరు 21న అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి గంటల తరబడి అందకుండా పోయాయి. ఆ సైట్ల చిరునామాలు చూపిపెట్టే డిన్ అనే సంస్థ మీద జరిగిన ఆ దాడిలో సైన్యం మిరాయ్ అనే వైరస్ లోబరుచుకున్న కెమెరాలూ డీవీఆర్‌లే. దానికి గొప్ప విద్యలేమీ అక్కర్లేకపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతలు అరవై చిల్లర దగ్గర పెట్టుకుని ఒక్కొక్కటీ కొట్టి చూసింది. ఎవరూ మార్చలేదు, తలుపులు తెరుచుకున్నాయి.

చిన్నదిగా కనిపించి కొంప ముంచేది గడియారం. లోపలి నాణెం బ్యాటరీ అయిపోయి తేదీ తప్పుగా పడితే, కోర్టులో ఎదుటి వకీలుకు అంతకన్నా ఏం కావాలి? 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం రికార్డింగు కాపీ ఇస్తే సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఆ ఫైలు హ్యాష్ విలువ కూడా రాయాలి. ఒక్క బిట్టు మారినా ఆ విలువ మారిపోతుంది. కాబట్టి టెక్నీషియన్ డబ్బు తీసుకుని వెళ్లేముందు ఒక పని చేయించండి: నిన్నటి అర్ధరాత్రి అయిదో కెమెరా దృశ్యాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, వేరే కంప్యూటర్‌లో ఆడించమనండి. కొన్ని డబ్బాలు తమ సొంత ప్లేయర్‌లో తప్ప తెరుచుకోని ఫైళ్లు ఇస్తాయి, ఆ సంగతి అప్పుడే తేలిపోవాలి. డిస్కు చెడినప్పుడు డబ్బా బీప్‌మని మొత్తుకుంటుంది. ఆ గోల భరించలేక ఎవరో ఒకరు మెనూలోకి వెళ్లి బజర్‌ను ఆపేస్తారు, రికార్డింగు నెలల తరబడి ఆగిపోయి ఉంటుంది. ఆ మెనూ అడ్మిన్ పాస్‌వర్డ్ వెనక ఉంటుంది. మీ ఆఫీసులో అది ఎవరెవరికి తెలుసో కనుక్కోండి.